గుండెపోటు తర్వాత పంపింగ్ తగ్గిన రోగిని ఇంట్లో ఎలా చూసుకోవాలి

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, ఎకో పరీక్షలో పంపింగ్ తగ్గిందని తేలిన రోగికి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఎవరో ఒకరు పూటపూటకూ బరువు, బీపీ, నాడి, మూత్రం చూసి చార్టులో రాస్తూనే ఉంటారు. డిశ్చార్జి అయిన మరునాటి ఉదయం నుంచి ఆ చార్టు రాసేవారు ఉండరు. ఇలాంటి రోగులను మళ్ళీ ఆసుపత్రికి తీసుకురావలసి వచ్చేది ఎక్కువగా ఒంట్లో నీరు పేరుకోవడం వల్లనే. ఆ నీరు సాధారణంగా ఒక్క రాత్రిలో చేరదు, కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా చేరుతుంది. రోగి ఆయాసపడుతున్నాడని ఇంట్లోవాళ్ళు గుర్తించేసరికి లోపల చాలా నీరు నిలిచిపోయి ఉంటుంది. కాబట్టి ఇంట్లో మీరు చేయవలసింది వైద్యం కాదు. ఆయాసానికి ముందే కనిపించే మార్పును పట్టుకుని, డాక్టరుకు సకాలంలో చెప్పడం మీ పని.

ముందుగా ఫైలు చదవండి

ఇంటికి వచ్చిన రోజే డిశ్చార్జి సమ్మరీ ముందు పెట్టుకుని మూడు విషయాలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. స్టెంటు ఏ తేదీన వేశారన్నది మొదటిది, డిశ్చార్జి నాటికి రోగి బరువు ఎంతన్నది రెండోది, ఎకోలో ఈఎఫ్ (ప్రతి కొట్టుకోవడంలో గుండె తనలోని రక్తంలో ఎంత భాగాన్ని బయటికి నెడుతోందో చెప్పే అంకె, పంపింగ్ అనేది దీన్నే) ఎంత శాతం వచ్చిందన్నది మూడోది. బరువు రాసి లేకపోతే ఇంటికి రాగానే మీరే చూసి రాసుకోండి, ఎందుకంటే ఇకమీదట ప్రతి లెక్కకూ ఆధారం అదే.

ఈఎఫ్ అంకె గురించి ఒక మాట చెప్పాలి. రిపోర్టులో 35 శాతం అని చూసి, గుండె మూడో వంతే మిగిలిందని కుటుంబమంతా కుంగిపోవడం వార్డులో తరచుగా చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ప్రతి కొట్టుకోవడంలో తనలో ఉన్న రక్తాన్నంతా బయటికి నెట్టదు. దాదాపు 55 నుంచి 70 శాతం మాత్రమే నెడుతుంది. ఆ లెక్కన 35 అంటే తగ్గిందనే అర్థం, అయిపోయిందని కాదు. మందులు క్రమంగా వాడినవారిలో కొన్ని నెలల తర్వాత ఈ అంకె పెరగడం కూడా ఉంది. అందుకే గుండెపోటు వచ్చిన కొన్ని వారాల తర్వాత డాక్టరు ఎకో మళ్ళీ చేయిస్తారు.

ప్రతి ఉదయం బరువు చూడండి

ఇలా పంపింగ్ తగ్గి గుండె వైఫల్యం (హార్ట్ ఫెయిల్యూర్) వచ్చిన రోగి ఉన్న ఇంట్లో బీపీ మిషను కన్నా ముందు కొనవలసింది బరువు చూసే మిషను. దాన్ని పరుపు మీదా చాప మీదా కాకుండా గట్టి గచ్చు మీద పెట్టి, రోజూ అదే చోట ఉంచండి. రోగి నిద్ర లేచి, మూత్రవిసర్జన చేసి వచ్చాక, కాఫీ గానీ టిఫిను గానీ తీసుకోకముందు, దాదాపు అదే బరువున్న బట్టలతో మిషను ఎక్కించాలి. ఎదురుగా కనిపించిన అంకెను గుర్తుపెట్టుకుందామనుకోకుండా వెంటనే తేదీతో సహా రాయండి. ఇది రాయడానికి పట్టే సమయం నిమిషం కూడా ఉండదు, కానీ డాక్టరు మందు మోతాదు మార్చేటప్పుడు మీరు చెప్పే వంద మాటల కన్నా ఆ పేజీయే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక్క రోజులో కిలోకు మించి గానీ, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి గానీ బరువు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన ఒళ్ళు కాదు, నిలిచిన నీరు. రోగికి ఆ రోజు ఎలాంటి ఇబ్బందీ లేకపోయినా సరే, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. కొందరు డాక్టర్లు "బరువు ఇంత పెరిగితే మూత్రం మాత్ర అదనంగా ఒకటి వేయండి" అని చీటీ మీద రాసిస్తారు. అలా రాసివ్వకపోతే మీ అంతట మీరు మాత్ర పెంచకండి. బరువు తగ్గడాన్ని కూడా పట్టించుకోవాలి. రెండు మూడు రోజుల్లో బాగా తగ్గి, నాలుక ఎండిపోయి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే నీరు అవసరానికి మించి బయటికి పోతోందని అనుమానించాలి.

కాళ్ళు, దిండ్లు, దగ్గు

బరువు రాశాక కాళ్ళు చూడండి. చీలమండకు కొంచెం పైన, ముందువైపు ఎముక మీద బొటనవేలితో ఐదు నుంచి పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తడి మట్టిలో వేలు పెట్టినట్లు గుంట పడి, అది వెంటనే పూడకపోతే అది నీటి వాపు. నిన్న చీలమండ దగ్గర మాత్రమే ఉన్న గుంట ఇవాళ పిక్క మధ్యవరకూ పడుతుంటే నోటుబుక్కులో ఆ మాట రాయండి. మంచం దిగని రోగికి కాళ్ళలో వాపు కనిపించకపోవచ్చు, నీరు నడుము కింది భాగానికి దిగుతుంది కాబట్టి ఒక పక్కకు తిప్పి వీపు కింద కూడా నొక్కి చూడాలి. వాపు ఉన్న చర్మం పలచబడి తొందరగా చిట్లుతుంది. దాన్ని మర్దన చేయకండి, గోరువెచ్చని నీళ్ళతో తుడిచి మెత్తగా అద్ది ఆరబెట్టండి.

రాత్రి రోగి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నాడో గమనించండి. ఒక దిండుతో పడుకునే మనిషి రెండు, మూడు దిండ్లు అడుగుతుంటే, పడుకున్న గంటా రెండు గంటలకు గాలి ఆడక లేచి కిటికీ దగ్గర కూర్చుంటుంటే, వెల్లకిలా పడుకోగానే పొడి దగ్గు మొదలై లేస్తే తగ్గుతుంటే, అవన్నీ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. "జలుబు చేసింది, దగ్గు మందు తాగించాం" అని ఇలాంటి రోగిని వారం ఆలస్యంగా తీసుకొచ్చేవారున్నారు. కొందరిలో కాళ్ళ కన్నా ముందు పొట్ట ఉబ్బరంగా ఉండడం, రెండు ముద్దలకే కడుపు నిండినట్లు అనిపించడం కూడా నీటి వల్లనే జరుగుతుంది.

మందులు: ఎందుకిచ్చారో తెలిస్తే ఆపరు

ఈ జబ్బులో మందులు ఎక్కువ. పూటకు నాలుగైదు మాత్రలు చూసి రోగి విసుక్కోవడం సహజం. ఎక్కువ నష్టం మాత్ర మరిచిపోవడం వల్ల కాదు, తప్పుగా అర్థం చేసుకుని ఆపేయడం వల్ల జరుగుతుంది కాబట్టి, ఏది దేనికో తెలుసుకోండి.

స్టెంటు వేశాక యాస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటి మరో మాత్ర ఇస్తారు. ఇవి స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. గుండెపోటు తర్వాత ఈ రెండింటినీ కలిపి సాధారణంగా 12 నెలలు వాడమంటారు. పన్ను తీయించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ చేయించుకోవాలన్నా, ఇంకెవరో "రక్తం పలచనయ్యే మాత్రలు ఐదు రోజులు ఆపి రండి" అన్నా, స్టెంటు వేసిన డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకండి. మొదటి నెలల్లో ఇవి ఆపితే స్టెంటు మూసుకుపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు.

రామిప్రిల్, ఎనలాప్రిల్, వల్సార్టాన్, మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ వంటివాటిని మెడికల్ షాపులో బీపీ మాత్రలంటారు. ఆ మాట విని "మా నాన్నగారికి బీపీ 105 ఉంది, ఇక బీపీ మాత్ర ఎందుకు?" అని ఆపేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. పంపింగ్ తగ్గిన రోగికి వీటిని బీపీ కోసం ఇవ్వరు, గుండె మీద భారం తగ్గించి దాని బలం మరింత పడిపోకుండా ఇస్తారు. కళ్ళు తిరగకుండా, నీరసపడకుండా ఉన్న రోగికి పై అంకె 100 దగ్గర ఉండడం ఈ జబ్బులో ఇబ్బందేమీ కాదు. 90 కన్నా తగ్గితే, లేదా లేచినప్పుడు తూలుతుంటే డాక్టరుకు చెప్పాలి. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ మాత్రలను హఠాత్తుగా ఆపడం మరీ ప్రమాదం. వాటిని మొదలుపెట్టిన తొలి వారాల్లో కొంత నీరసం ఉంటుందని రోగికి ముందే చెప్పి ఉంచండి. నాడి నిమిషానికి 50 కన్నా తగ్గితే మాత్రం ఫోన్ చేయండి. రామిప్రిల్ వాడేవారిలో కొందరికి విడవని పొడి దగ్గు వస్తుంది. ఆ సంగతి చెబితే డాక్టరు వేరే మాత్రకు మారుస్తారు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లది ఇలాంటి కథే. అవి షుగరు మాత్రలుగా పేరు పడ్డాయి గనుక "నాకు షుగరు లేదు కదా" అని పక్కన పెట్టేస్తారు. షుగరు లేకపోయినా గుండె వైఫల్యానికి ఇవి మేలు చేస్తాయి. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి జననాంగాల దగ్గర దురద, ఫంగస్ రాకుండా రోజూ కడుక్కుని పొడిగా ఉంచుకోవాలి. రోగి వాంతులతో, విరేచనాలతో ఏమీ తినలేని స్థితిలో ఉన్న రోజున ఈ మాత్ర వేయాలా వద్దా అని ఫోన్ చేసి అడగండి.

ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు. వీటిని ఉదయం ఇవ్వాలి. రెండో మోతాదు రాస్తే మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఇవ్వండి, సాయంత్రం దాటితే రాత్రంతా లేవవలసి వస్తుంది, చీకట్లో బాత్రూముకు వెళ్తూ జారిపడతారు. పెళ్ళికో ప్రయాణానికో వెళ్ళే రోజు మాత్ర మానేస్తామనేవారుంటారు. మానడం కాదు, ఇల్లు చేరాక వేసుకోవచ్చా అని డాక్టరును అడిగి సమయం మార్చుకోవాలి. స్పైరోనోలాక్టోన్ వాడే మగవారిలో కొందరికి రొమ్ము నొప్పి, వాపు వస్తాయి. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేసేది ఇక్కడే. దీనికి బదులు వేరే మాత్ర ఉంది కాబట్టి చెప్పమనండి. స్పైరోనోలాక్టోన్‌నూ, రామిప్రిల్, ఎనలాప్రిల్, వల్సార్టాన్ వంటి మాత్రలనూ కలిపి వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగవచ్చు. డాక్టరు చెప్పిన తేదీకి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు తప్పక చేయించాలి.

ఇక వాడకూడని మందులు. మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదిమందు, షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ చాలావరకు సరిపోతుంది. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే గ్యాసు పొడుల్లోనూ మాత్రల్లోనూ సోడియం బాగా ఉంటుంది కాబట్టి అవీ వద్దు.

ఉప్పు

రోజు మొత్తానికి అన్ని రూపాల్లో కలిపి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు మించకుండా ఉప్పు ఉండాలి. మన వంటింట్లో ఇది కూరలో వేసే ఉప్పుతో ఆగే లెక్క కాదు. ఆవకాయ, గోంగూర, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, మిక్చరు, బేకరీ బిస్కెట్లు, మజ్జిగలో వేసే చిటికెడు, ఇవన్నీ ఆ స్పూనులోకే వస్తాయి. పప్పన్నంలో ఊరగాయ లేకపోతే ముద్ద దిగని మనిషికి ఒక్కసారిగా చప్పిడి పథ్యం పెడితే జరిగేదేమిటంటే, రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు ఎవరూ చూడనప్పుడు జాడీ మూత తీస్తాడు. లేదా అన్నమే మానేసి నీరసపడతాడు. ఉప్పు పూర్తిగా లేని తిండి అవసరమూ లేదు, మంచిదీ కాదు.

ఇలా చేసి చూడండి. ఉదయమే రోగి కోసం ఒక చిన్న డబ్బాలో ముప్పావు టీస్పూను ఉప్పు కొలిచి పెట్టి, ఆ రోజు అతని వంటకు అందులోంచే వాడండి. మిగతా పావు వంతు పాలు, కూరగాయలు, బయటి వస్తువుల్లో సహజంగా ఉండేదానికి వదిలేయండి. కూర దించాక ఉప్పు వేస్తే నాలుకకు ఎక్కువ తెలుస్తుంది. చింతపండు, నిమ్మరసం, మామిడి కోరు, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, కరివేపాకు పొడి బాగా వేస్తే ఉప్పు తగ్గిన లోటు కొంత పూడుతుంది. ఊరగాయ జాడీని బల్ల మీద నుంచి తీసేయండి, అది ఇంట్లోవాళ్ళు కూడా పాటిస్తే రోగికి ఒంటరితనం ఉండదు.

సైంధవ లవణం మంచిదని చాలామంది మారుతుంటారు. అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే, గుండెకు తేడా లేదు. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పు మరో రకమైన ప్రమాదం. అందులో సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ వంటివి వాడేవారికి, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. రోజూ కొబ్బరిబోండాలు తాగించేవారికీ ఇదే హెచ్చరిక.

నీళ్ళు

ద్రవాలకు పరిమితి అందరికీ అవసరం లేదు, డాక్టరు చెబితేనే పాటించాలి. రోజుకు లీటరున్నర అని చెప్పారనుకుందాం. ఉదయం లీటరున్నర నీళ్ళు ఒక సీసాలో పోసి పెట్టండి. రోగి కాఫీ తాగితే కాఫీ అంత, చారు పోసుకుంటే చారంత, మజ్జిగ తాగితే మజ్జిగ అంత ఆ సీసాలోంచి తీసేయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజు లెక్క అయిపోయినట్టు. దాహం వేస్తే నోట్లో చిన్న ఐసు ముక్క, నిమ్మ బద్ద పనికొస్తాయి.

నడక, స్నానం, నిద్ర

మంచం మీద కదలకుండా ఉంచడం సేవ అనుకోకండి. డాక్టరు అనుమతించాక సమతలంగా ఉన్న చోట ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు, మాట మధ్యలో ఊపిరి తెగుతుంటే ఆగాలి. భోజనం చేసిన గంటలోపు నడక, స్నానం వద్దు. కడుపు నిండా మూడు పూటలు కాకుండా కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. స్నానానికి స్టూలు వేసి గోరువెచ్చని నీళ్ళు పెట్టండి. నేల మరుగుదొడ్డిలో కూర్చుని లేవడం ఈ రోగికి పెద్ద శ్రమ కాబట్టి వెస్టర్న్ కమోడ్ గానీ, మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ గానీ ఏర్పాటు చేయండి. మలబద్ధకంతో ముక్కకుండా డాక్టరును అడిగి మందు తెచ్చుకోండి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకుండా, కాసేపు కాళ్ళు కిందికి వేసి కూర్చుని లేవమనండి.

గండం గడిస్తే కొండ మెట్లెక్కుతానని మొక్కుకున్నవారు మన ఊళ్ళలో ఎందరో ఉంటారు. అలిపిరి దారిలో మూడున్నర వేలకు పైగా మెట్లున్నాయి. స్వామి దర్శనానికి బస్సు కూడా వెళుతుంది. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజాలైనా ముందు డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు సరిచూసుకున్నాకే.

మే నెల ఎండల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. చెమటతో నీరు పోతుంటే మరోవైపు మూత్రం మాత్ర కూడా నీటిని లాగుతుంది. బరువు తగ్గుతూ, మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తూ, కళ్ళు తిరుగుతుంటే మాత్ర మోతాదు గురించి వెంటనే అడగండి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సూచిస్తే న్యుమోనియా టీకా వేయించండి. ఛాతీలో వచ్చే ఒక్క ఇన్ఫెక్షను చాలు బలహీనమైన గుండెను మళ్ళీ ఐసీయూ దాకా తీసుకెళ్ళడానికి.

వెంటనే 108కి ఫోన్ చేయవలసిన సందర్భాలు

ఛాతీ మధ్యలో బిగపట్టినట్లు, బరువు పెట్టినట్లు ఉండే నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు పోయడం గుండెపోటు లక్షణాలు. ఆడవారిలో, పెద్దవయసువారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. "గ్యాసు పట్టింది" అనుకుని సోడా తాగించి చూద్దామనేది ఈ రోగి విషయంలో ఎప్పుడూ చేయకూడని పని. కూర్చున్నా తగ్గని ఆయాసం, గులాబీ రంగు నురగతో దగ్గు, స్పృహ తప్పడం, పెదవులు నీలంగా మారడం, మాట తికమకపడడం కూడా ఇంట్లో ఆగవలసినవి కావు.

108కి ఫోన్ చేసి, రోగిని నడిపించకుండా ఉన్నచోటే కూర్చోబెట్టండి. ఆయాసంగా ఉంటే మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి, ఒడిలో దిండు పెట్టి దాని మీద చేతులు ఆనించమనండి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర డాక్టరు రాసి ఉంటేనే, రోగి కూర్చుని ఉండగానే ఇవ్వండి. బీపీ పై అంకె 90 కన్నా తక్కువ ఉంటే, గత ఒకటి రెండు రోజుల్లో లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్, టాడాలఫిల్ వంటి మాత్ర వేసుకుని ఉంటే ఇవ్వకూడదు. యాస్పిరిన్ నమిలించాలా, ఎంత అన్నది డిశ్చార్జి రోజే అడిగి చీటీ మీద రాయించుకుని ఉంచండి.

పిలిచినా పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, ఐదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్సు వచ్చేవరకూ ఆపకండి. పక్కన ఇంకొకరుంటే అలసిపోకముందే మారండి.

గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే గుండె కండరం అంత మిగులుతుంది. అందుకే నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి కాగితం మీద రాయండి. ఇంకొకరు వీధి తలుపు తీసి, లైటు వేసి, సందు మొదట్లో నిలబడాలి. డిశ్చార్జి ఫైలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, బరువు రాసిన నోటుబుక్కు, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ అన్నీ ఒకే సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పక్కింటివారిలో ఒకరికీ చెప్పి ఉంచండి.